ముల్లు భయం లేని కరకరల చేప ముక్కలు!

* డ్యాం చేపతో ఇంట్లోనే వేపుడు
* మరవల్లి పిండి కలిపితే కరకర రెట్టింపు
* రంగు వద్దు.. పాత నూనె అసలొద్దు

ఆదివారమొస్తే చాలు.. సరిహద్దుకు ఇవతలైనా అవతలైనా మన ఇళ్లలో ఒకటే మాట. ''చేపలు తెద్దామా?''. పులుసైతే పెద్దోళ్లకు, వేపుడైతే పిల్లలకు. అయితే ఆ పిల్లల పళ్లెంలోకి ముక్క వేసేటప్పుడు ప్రతి తల్లికీ గుండెల్లో రాయి పడుతుంది. ముల్లు తీశామా? లేదా? గొంతులో గుచ్చుకుంటే ఎట్లా?

ఈ భయం ఎట్లాంటిదో ఈ వ్యాసం రాస్తున్న వాడికి బాగా తెలుసు. మూడేళ్ల కిందట ధర్మపురి జిల్లా తీర్థమలైలో ఉండే మా చిన్నమ్మ ఇంటికి పోయినాం. కొండెక్కి స్వామిని చూసుకుని దిగాం. ఆరోజు ఇంట్లో నీచు ముట్టలేదు. మర్నాడు ఆదివారం. చిన్నమ్మ కెండై చేపలు తెప్పించి, ఎర్రగా వేపి, మా ఆరేళ్ల వాడికి తన చేత్తోనే ముక్క వొలిచి పెట్టింది.

''చిన్నమ్మా, ముల్లు చూసినావా?''

''చూసినా నాయనా, నడిముల్లు తీసేసినా. తిననీ బిడ్డను''

నాలుగు ముద్దలు తిన్నాడో లేదో.. గొంతు పట్టుకుని ఏడుపు! ఒకరు అన్నం ముద్ద మింగమన్నారు. ఇంకొకరు అరటిపండు తెచ్చారు. మింగేకొద్దీ నొప్పి ఎక్కువైంది. చివరికి పట్టణంలో ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టరు లైటు వేసి చూసి, పట్టకారుతో ముల్లు తీశారు. వెంట్రుకంత సన్నం.. రెండుగా చీలిన ముల్లు. ''ముద్దలు మింగించి దాన్ని ఇంకా లోపలికి దించారు కదయ్యా'' అని మందలించారు కూడా.

ఆ రోజు నుంచి మా వాడు చేప ముట్టలేదు. చిన్నమ్మ అయితే ''నా చేత్తో పెట్టినా కదా'' అని ఏడాదిపాటు ఇంట్లో చేప పొయ్యెక్కనివ్వలేదు. మళ్లీ ఆ ఇంట్లో చేప వాసన వచ్చిందంటే అది ఈ ముల్లు లేని ముక్కల పుణ్యమే. అదెట్లా చేయాలో చెప్పుకునే ముందు, అసలు తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం.

తప్పు చిన్నమ్మది కాదు.. చేపది!

చేపలన్నిటికీ ముల్లు ఒకేలా ఉండదు. కట్ల, రోహు, మృగాల్, సాదా కెండై.. ఇవన్నీ ఒకే కుటుంబం. వీటికి నడిముల్లు, పక్కముళ్లు కాక కండ లోపల విడిగా సన్నటి ముళ్లుంటాయి. ఇంగ్లీషు 'వై' అక్షరంలా చీలి ఉంటాయి. నడిముల్లును అంటిపెట్టుకుని ఉండవు కాబట్టి అది లాగినా ఇవి రావు. ఎంత జాగ్రత్తగల చెయ్యి అయినా ఒకటో రెండో మిగిలిపోతాయి. మా ఇంట్లో జరిగింది అదే.

మరి జిలేబీ చేప సంగతి? తిలాపియానే తమిళనాట జిలేబీ అంటారు. ఆఫ్రికా నుంచి బయల్దేరిన ఈ చేప 1952లో సిలోన్ మీదుగా మన దేశానికి వచ్చింది. చెరువు, కుంట, డ్యాం అని లేకుండా అల్లుకుపోయింది. దీని కండలో ఆ చీలిక ముళ్లు ఉండవు. రెండు పక్కలా కండను పలకలుగా కోసి, మధ్య గీతలో ఉండే చిన్న ముళ్ల వరసను తీసేస్తే చాలు. కొర్రమీనుకు (తమిళంలో విరాల్) కూడా ముల్లు బెడద తక్కువే, కాకపోతే ధర ఎక్కువ. సముద్రపు చేపల్లో వంజరం ఉండనే ఉంది. అది కొనాలంటే జేబు తడుముకోవాల్సిందే.

కాబట్టి పిల్లల కోసమైతే జిలేబీ లేదా కొర్రమీను తీసుకోండి. కట్ల, రోహు పులుసుకు పెట్టుకోండి. సగం భయం అక్కడే పోతుంది.

అక్కాచెల్లెళ్ల నీళ్లు

తీర్థమలై అరూరుకు సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉంది. తీర్థగిరీశ్వరుడి కొండ. రావణవధ తర్వాత శివపూజకు గంగాజలం తెమ్మని రాముడు హనుమంతుణ్ని పంపాడట. ఆలస్యం కావడంతో బాణం వేసి కొండలోంచే నీళ్లు రప్పించాడట. అదే రామతీర్థం. ఆలస్యంగా వచ్చిన హనుమంతుడు తెచ్చిన నీళ్లను విసిరేస్తే అవి పడ్డ చోటు పెన్నేరు ఒడ్డున హనుమంతీర్థమైందని స్థలపురాణం.

ఆ పెన్నేరే దక్షిణ పినాకిని. తమిళులకు తెన్‌పెణ్ణై. కర్ణాటకలో నంది కొండల ప్రాంతంలో పుట్టి హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి, తిరువణ్ణామలై జిల్లాల మీదుగా పోయి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అదే కొండల ప్రాంతంలో పుట్టి అనంతపురం, కడప మీదుగా నెల్లూరుకు పోయేది ఉత్తర పినాకిని.. మన పెన్న. ఒకే పుట్టిల్లు, రెండు మెట్టిళ్లు! అక్క ఒడ్డున నెల్లూరు చేపల పులుసు పేరు తెచ్చుకుంటే, చెల్లెలి దారిలో కృష్ణగిరి డ్యాం, సాత్తనూరు డ్యాం దగ్గర చేపల వేపుడు పేరు తెచ్చుకుంది. ఇక కావేరి మీద హోగెనకల్ సంగతి చెప్పనక్కర్లేదు. చేప కొనిస్తే అక్కడే పొయ్యి మీద పులుసో వేపుడో చేసిపెట్టే ఆడవాళ్లు ఉంటారు. ఆ రుచికి బెంగళూరు నుంచి కూడా జనం వస్తారు.

అంటే చేపకు కొదవ లేదు. ముల్లు తీసి, శుభ్రంగా, కరకరలాడేటట్లు ఇంట్లో చేసుకోవడమే తెలియాలి.

అంగట్లో అడగండి ఇట్లా..

చేప కన్ను తేటగా, ఉబ్బెత్తుగా ఉండాలి. లోపలికి పోయి తెల్లబారిందంటే పాతదే. మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా ఉంటే తాజా, గోధుమరంగుకు తిరిగితే వద్దు. వేలితో నొక్కితే గుంట పడి అట్లే ఉండిపోకూడదు.

కోసేవాళ్లతో ''అన్నా, వేపుడుకు.. పొలుసు తీసి, చర్మం వొలిచి, రెండు పక్కలా కండ మాత్రం పలకలుగా కోసియ్యి. తల, ముల్లు వేరే కవర్లో వెయ్యి'' అని చెప్పండి. కిలోన్నర జిలేబీ తీసుకుంటే చేతికొచ్చే కండ అర కిలో. మిగతాదంతా పారేయాల్సిన పని లేదు. తల, నడిముల్లు పులుసులో వేస్తే ఆ రుచే వేరు.. అది పెద్దోళ్ల వాటా!

ఇంటికొచ్చాక పలకను కాగితంలా పరిచి, చూపుడువేలిని తల వైపు నుంచి తోక వైపుకు, మళ్లీ తోక నుంచి తల వైపుకు నిదానంగా నడపండి. ముల్లు ఉంటే వేలికి తగులుతుంది. మధ్య గీతకు రెండు పక్కలా కత్తితో కోసి ఆ సన్నటి పట్టీని తీసేయండి. తర్వాతే ముక్కలు. ఒక్కోటి రెండు వేళ్ల వెడల్పు, బొటనవేలి మందం. ముక్కలు కోసినాక ప్రతి ముక్కనూ ఇంకోసారి నొక్కి చూడండి. ఇదంతా పది నిమిషాల పని. కానీ ఈ వేపుడుకు అసలు ప్రాణం ఇదే.

కావలసినవి

- ముల్లు తీసిన చేప ముక్కలు: అర కిలో
- పసుపు: పావు చెంచా
- ఉప్పు: ఒక చెంచా
- అల్లం వెల్లుల్లి ముద్ద: ఒకటిన్నర చెంచా
- మిరప్పొడి: రెండు చెంచాలు (పిల్లలకైతే ఒకటి చాలు)
- ధనియాల పొడి: ఒక చెంచా
- మిరియాల పొడి: అర చెంచా
- సోంపు పొడి లేదా నలిపిన వాము: అర చెంచా
- చిక్కటి చింతపండు గుజ్జు: ఒక చెంచా
- గుడ్డు తెల్లసొన: ఒకటి
- మరవల్లి పిండి: మూడు పెద్ద చెంచాలు
- బియ్యప్పిండి: రెండు పెద్ద చెంచాలు
- కరివేపాకు: రెండు రెమ్మలు
- వేపడానికి నూనె

మన నేల పిండి.. మన నేల పులుపు

హోటళ్లలో ఈ ముక్కలకు కార్న్‌ఫ్లోర్ వాడతారు. మనకెందుకు? కర్రపెండలాన్నే ఇక్కడ మరవల్లి గడ్డ అంటారు. అరూరు, పాపిరెడ్డిపట్టి పొలాల్లో పండేదే. సేలం జవ్వరిసి (సగ్గుబియ్యం) దీని నుంచే తయారవుతుంది. ఈ గడ్డ నుంచి తీసిన తెల్లపిండి పూత పలచగా, గాజులా పెళుసుగా వస్తుంది. అంగట్లో పిండి దొరక్కపోతే జవ్వరిసినే మిక్సీలో మెత్తగా పట్టి, తప్పకుండా జల్లించుకోండి. పలుకు మిగిలితే నూనెలో చిట్లి ముఖం మీదికి ఎగురుతుంది. జాగ్రత్త! బియ్యప్పిండి తోడైతే ఆ కరకర చాలాసేపు నిలుస్తుంది. శనగపిండి వేస్తే అది పకోడీ అవుతుంది. బాగానే ఉంటుంది గానీ బిరీన మెత్తబడిపోతుంది.

ఇక పులుపు. డ్యాం చేపకు ఒక్కోసారి మట్టివాసన ఉంటుంది. నీళ్లలోని నాచు, సూక్ష్మజీవుల వల్ల వచ్చే వాసన అది. పులుపు తగిలితే తగ్గుతుంది. అందుకే మన పెద్దోళ్లు చేపను ఉప్పు, పసుపు, చింతపండు నీళ్లతో కడుగుతారు. ధర్మపురి, కృష్ణగిరి వైపు చింతచెట్లకు కరువా! నిమ్మకాయ పిండినా తప్పు లేదు గానీ గంటలకొద్దీ నానబెట్టకండి. పులుపు ఎక్కువసేపు పట్టిస్తే కండ తెల్లబారి, పొడిపొడిగా రాలిపోతుంది.

తయారీ ఇట్లా..

ముక్కల్ని చింతపండు నీళ్లలో ఒకసారి, మంచినీళ్లలో రెండుసార్లు కడగండి. తర్వాత శుభ్రమైన పొడిగుడ్డ మీద పరిచి పైన ఇంకో గుడ్డతో అద్దండి. చాలామంది ఇంట్లో వేపుడు మెత్తగా రావడానికి కారణం ఇక్కడే ఉంది. తడి ముక్కను నూనెలో వేస్తే ముందు ఆ నీళ్లన్నీ ఆవిరి కావాలి. ఈలోగా నూనె వేడి పడిపోతుంది. పూత ఊడుతుంది, ముక్క నూనె తాగుతుంది. నూనె చిట్లి చేతులు కాలేది కూడా ఆ తడి వల్లనే.

పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద, పొడులన్నీ, చింతపండు గుజ్జు కలిపి ముక్కలకు పట్టించి అరగంట పక్కన పెట్టండి. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో పెట్టాలి. అరగంటకు ఉప్పు నీళ్లు లాగుతుంది. గిన్నె వంచి ఆ నీళ్లు పారబోయండి. ఇప్పుడు తెల్లసొన వేసి కలిపి, రెండు పిండ్లూ పైన చల్లి చేత్తో తేలిగ్గా కలపండి. నీళ్లు పోయొద్దు. జారుగా ఉండకూడదు, ముక్కకు అంటుకుని పొడిపొడిగా కనబడాలి. కలిపిన వెంటనే వేపాలి. నానితే పూత బంక అవుతుంది.

బాణలిలో మూడు వేళ్ల లోతు నూనె పోసి కాగనివ్వండి. కాగిందో లేదో తెలియాలంటే కాస్త పిండి వేసి చూడండి. అడుగుకు పోయి వెంటనే బుడగలతో పైకి తేలాలి. ఇది సుమారు 170 డిగ్రీల వేడి. అడుగునే ఉండిపోతే ఇంకా కాగాలి. వేసిన మరుక్షణం నల్లబడితే మంట తగ్గించాలి. గానుగలో ఆడించిన శెనక్కాయ నూనె రుచి గొప్పదే గానీ బిరీన పొగ వస్తుంది. ఎక్కువ మంట మీద వేపడానికి రిఫైండ్ శెనక్కాయ నూనె నయం.

ఒకసారికి ఏడెనిమిది ముక్కలే. బాణలి నిండా కుమ్మరిస్తే నూనె చల్లబడి అంతా ముద్దవుతుంది. వేసిన నిమిషం దాకా గరిటె పెట్టొద్దు. పూత గట్టిపడాలి. తర్వాత తిప్పి, మొత్తం రెండున్నర మూడు నిమిషాల్లో లేత బంగారు రంగుకు రాగానే తీసేయండి. చిల్లుల పళ్లెంలో పరవండి. మూత పెడితే ఆవిరికి మెత్తబడిపోతాయి.

అన్నీ అయ్యాక అసలు కిటుకు.. రెండో వేపు! మంట కొంచెం పెంచి ముక్కల్ని మళ్లీ ఒక్క నిమిషం వేపండి. మొదటిసారి ముక్క లోపల ఉడుకుతుంది. పక్కన పెట్టిన ఐదు నిమిషాల్లో లోపలి తేమ పూతలోకి వస్తుంది. రెండో వేపులో ఆ తేమ పోయి కరకర వస్తుంది. చివర్లో కరివేపాకు, నిలువుగా చీల్చిన రెండు పచ్చిమిరపకాయలు అదే నూనెలో చిటపటలాడించి పైన చల్లండి. నోరూరుతోంది కదూ!

సంగటి, ఊరిబిండి పక్కన నాలుగు ముక్కలు పెట్టుకుంటే పెద్దోళ్లకు పండగే. పిల్లలకు రసం అన్నంలోకి బ్రహ్మాండం.

కట్ల, రోహు మాత్రమే దొరికితే?

దానికీ దారుంది. చేపను ముందుగా పసుపు నీళ్లలో ఉడికించి, చల్లారినాక కండను వేళ్లతో వొలిచి మెత్తగా నలపండి. నలిపేటప్పుడు ముళ్లు చేతికి తగులుతాయి. ఏరేసి, ఉడికించిన ఉర్లగడ్డ, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మసాలా కలిపి చిన్న ఉండలు చేసి, పిండిలో దొర్లించి వేపండి. పెద్దోళ్లకైతే ఇంకో పద్ధతి ఉంది. చర్మం కోయకుండా కండను పక్కపక్కనే సన్నగా, నాలుగు గీతలు ఒక వేలి వెడల్పులో పట్టేటట్లు గాట్లు పెట్టి ఎర్రగా వేపితే ఆ సన్న ముళ్లు ముక్కలై కరకరలాడిపోతాయి. కానీ చిన్నపిల్లలకు మాత్రం ఇది పెట్టొద్దు.

ఎర్రగా ఉంటేనే రుచా?

రోడ్డు పక్క వేపుడు ఎర్రగా మెరుస్తుంటే అది మిరప్పొడి అనుకుంటాం. చాలాచోట్ల అది రంగు. పక్క రాష్ట్రం కర్ణాటక 2024 జూన్‌లో చికెన్, చేప కబాబుల్లో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధం పెట్టింది. అదే ఏడాది ఫిబ్రవరిలో తమిళనాడు రంగు కలిపిన పీచుమిఠాయిని నిషేధించింది. అందులో దొరికింది రోడమిన్-బి అనే బట్టల రంగు. ఇంట్లో చేసుకుంటే ఈ బాధే ఉండదు. రంగు కావాలంటే కాశ్మీరీ మిరప్పొడి ఒక చెంచా వేస్తే చాలు.

నూనె సంగతి కూడా అంతే. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచితే అందులో చెడు పదార్థాలు పేరుకుంటాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడరాదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. ఇంట్లో దాన్ని కొలవలేం. నూనె నల్లబడినా, జిగటగా తయారైనా, నురగ కట్టినా పారేయడమే. చేప వేపిన నూనెను వడగట్టి ఒకట్రెండు రోజుల్లో తాలింపుకు వాడేయండి. మళ్లీ బాణలిలో పోసి కాచొద్దు.

నురగ ఏటికి.. ముప్పు చేపకు

ఇంత చెప్పినాక ఇంకో మాట కూడా చెప్పాలి. హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయం నుంచి నీళ్లు వదిలినప్పుడు ఏటి నిండా తెల్లటి నురగ కొండలా లేవడం పలుమార్లు చూశాం. బెంగళూరు మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకినిలో కలవడమే దీనికి కారణం. చేప బతికేది ఆ నీళ్లలోనే. తినేది మనం. చేప పుట్టే ఏరు బాగుంటేనే ఇంట్లో వేపుడు బాగుంటుంది.

2024 నవంబరు చివర వచ్చిన ఫెంగల్ తుపానుకు ఊత్తంగరైలో ఒక్క రోజులోనే 50 సెంటీమీటర్ల వాన కురిసింది. చెరువులు తెగాయి, పెన్నేరు పొంగింది. ఇట్లాంటి వరదల తర్వాత గట్లమీద, గుంటల్లో చచ్చి తేలిన చేపల్ని ఉచితంగా దొరికాయని ఏరుకొస్తుంటారు. అట్లాంటివి ముట్టొద్దు. నురగ నీళ్లలో తేలినవి అసలొద్దు. బతికున్న చేపో, ఐసులో పెట్టిన చేపో తెలిసిన అంగట్లోనే కొనండి.

ముల్లు గుచ్చుకుంటే..

ఎంత జాగ్రత్త పడ్డా ఒక్కోసారి జరగొచ్చు. అప్పుడు గుర్తుంచుకోవాల్సినవి నాలుగే.

- అన్నం ముద్దలు, అరటిపండు మింగించొద్దు. ముల్లు ఇంకా లోతుకు దిగొచ్చు.
- గొంతులో వేళ్లు పెట్టి కెలకొద్దు.
- దగ్గనివ్వండి. నొప్పి తగ్గకపోతే ఆలస్యం చేయకుండా చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరకు తీసుకుపోండి.
- ఊపిరి ఆడకపోయినా, చొంగ మింగలేకపోయినా, రక్తం పడినా అది అత్యవసరమే. 108కి ఫోన్ చేయండి.

మళ్లీ పళ్లెంలోకి..

తమిళ నెల పురటాసిలో చాలా ఇళ్లలో నీచు ఉండదు. మొన్న ఆ నెల ముగిసిన తొలి ఆదివారం తీర్థమలై పోయినాం. చిన్నమ్మ జిలేబీ తెప్పించి, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో ముక్కనూ మూడుసార్లు నొక్కి చూసింది. రెండుసార్లు వేపింది. మా వాడు గడప దగ్గరే నిలబడి ''అవ్వా, ముల్లుందా?'' అని అడిగాడు.

''నువ్వే తుంచి చూడు నాయనా'' అని పళ్లెం ముందుకు జరిపింది.

తుంచాడు. లోపల తెల్లగా, పూవులా విడిపోయింది. ముల్లు లేదు. ఒక ముక్క తిన్నాడు.. ఇంకోటి తీసుకున్నాడు. మూడోది తన చేత్తో చిన్నమ్మ నోట్లో పెట్టాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని ''పొగ'' అంది. పొయ్యి ఆర్పేసి అప్పటికే పావుగంటైంది!

ఈ ఆదివారం మీ ఇంట్లోనూ చేసి చూడండి. వేలితో నొక్కడం మాత్రం మరవకండి.